మహాగ్రహముల అయస్కాంతావరణము

కృష్ణా గోదావరుల నడుమ నున్న కొల్లేటిని గూర్చి మన పెదపాటి ప్రాంతపు బాలబాలికలకు వేఱుగ చెప్పనక్కఱలేదు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మొదలగు వాగులును, పెక్కు కాలువలును దానిలోనికి నీరు తెచ్చుచుండును. ఆ నీరు సముద్రమును జేరుటకు ఉప్పుటేరే మార్గము. లోనికి వచ్చినంత బయటికి పోనియెడల ఏమగునో పెద్దలెల్లరు నెఱుగుదురు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచిన పిమ్మట, ఆ నీరు కొల్లేటిలోనికి దిగి లంకగ్రామముల దారుల నాక్రమించినప్పుడు పిల్లలును దానిని కన్నులార చూచిరి.

బృహస్పతి గ్రహము చుట్టును ఇట్టి సరస్సొకటి గలదు. అది నీటి సరస్సు గాదు, కంటికి కనబడునదియు గాదు. దానిలోనికి సెకనునకు సుమారొక టన్ను చొప్పున, రాత్రింబవళ్ళు ఎడతెగక, పదార్థము వచ్చి చేరుచున్నది. అనగా రోజునకు ఎనుబదియాఱు వేల టన్నులకు పైమాట. అయినను ఆ సరస్సు హద్దుమీఱి ఉబ్బిపోవుట లేదు. కావున వచ్చినదంతయు ఏదో యొక దారిని బయటికి పోవుచుండవలెను. ఆ దారి యెట్టిది? దానికి గండి యెట్లు పడుచున్నది? ఈ ప్రశ్నకు శాస్త్రజ్ఞులు చెప్పు సమాధానమునకు "అయస్కాంత పునస్సంధానము" అని పేరు. ఆ పేరు వినుటకు కఠినముగ నున్నను, విషయము క్రమముగ చెప్పినచో ఎనిమిదవ తరగతి విద్యార్థికిని బోధపడునట్టిదే. దానినే ఈ వ్యాసమున వివరింప నుద్దేశించితిమి.

మొదట బలరేఖల సంగతి. మన ప్రయోగశాలలో సూదంటురాయిపై కాగితముంచి, ఇనుపరజను చల్లి, మెల్లగ తట్టినయెడల ఆ రజను ఒక ధ్రువమునుండి రెండవ ధ్రువమునకు వంపులు తిరిగిన గీతలుగా ఏర్పడుట విద్యార్థులు చూచియే యుందురు. ఆ గీతలు సూచించు దారులకే బలరేఖలని పేరు. మన భూమియు ఒక పెద్ద అయస్కాంతమే. దాని బలరేఖలు దక్షిణార్ధగోళమున బయలుదేరి, ఆకాశమున చాలదూరము వంగి, ఉత్తరార్ధగోళమున దిగుచున్నవి. బలరేఖ యనునది మన ఊహకు సాయపడు గీతయే గాని చేతితో పట్టుకొనదగిన దారము గాదు. అయినను, సాగదీసినచో బిగిసి, విడిచినచో ముడుచుకొను దారమువలెనే అది ప్రవర్తించుటచే, దారముతో పోల్చి చెప్పుట తప్పు గాదు.

ఇక రెండవ సంగతి ప్లాస్మా. వాయువు మిక్కిలి వేడెక్కినప్పుడుగాని, తీవ్రమైన కిరణములు దానిపై పడినప్పుడుగాని, దాని పరమాణువులనుండి ఎలక్ట్రానులు విడివడును. అట్లు విడివడిన విద్యుత్కణముల సముదాయమే ప్లాస్మా. సూర్యునినుండి ఇట్టి ప్లాస్మా నిరంతరము వెలువడుచు, సెకనునకు సుమారు 400 కిలోమీటర్ల వేగముతో ప్రయాణించి, నాలుగు దినములలో మన భూమిని చేరుచున్నది. దీనినే సౌరపవనమందురు. ప్లాస్మాకును బలరేఖలకును ఒక విచిత్రమైన పొత్తు గలదు. పూసలు దారమున గ్రుచ్చబడినట్లు ప్లాస్మాకణములు బలరేఖలకు గ్రుచ్చబడి యుండును. పూసలను కదలించినచో దారము కదలును. దారమును లాగినచో పూసలు వచ్చును. ఈ నియమమును స్వీడను దేశీయుడగు ఆల్ఫ్వెన్ 1940ల తొలినాళ్ళలో తెలిపెను. ఆయనకు 1970లో నోబెల్ బహుమానము లభించినది.

ఈ నియమమువలన, సూర్యుని దారమున గ్రుచ్చబడిన పూసలు భూమి దారమునకు ఎక్కజాలవు. కావున సౌరపవనము భూమిని తాకక, ఏటి నడుమనున్న బండను నీరు చుట్టిపోవునట్లు, భూమి బలరేఖలను చుట్టి పోవును. అట్లు సౌరపవనము చొరరాని ప్రదేశమే అయస్కాంతావరణము. సూర్యునివైపున అది భూమినుండి సుమారు 65 వేల కిలోమీటర్ల వఱకును, అవతలివైపున పొడవైన తోకగా చంద్రుని కక్ష్యను దాటియు వ్యాపించి యున్నది. ప్రతిమాసమున పూర్ణిమ దినములలో చంద్రుడు ఆ తోకగుండ ప్రయాణించుచుండును.

ఈ నియమము ఎల్లెడల చెల్లినచో అయస్కాంతావరణము తలుపులు లేని కోటయే కావలెను. కాని దానికి భంగము కలుగు తావులు గలవు. రెండు దారములను, ఒకటి ఎఱ్ఱనిది, ఒకటి నల్లనిది, ప్రక్కప్రక్కన చాచియుంచుడు. ఎఱ్ఱదారపు బలము కుడికిని, నల్లదారపు బలము ఎడమకును చూపుచున్నవనుకొనుడు. ఈ రెండింటిని ఒకదానిపై నొకటి అదిమినప్పుడు, నడుమ అతిపలుచని పొరలో ఎదురెదురు బలములు ఒండొంటిని రద్దుచేసికొనును. ఆ పొరలో పూసలకును దారమునకును గల పొత్తు సడలును. అప్పుడు రెండు దారములును నడుమ తెగి, ఎఱ్ఱదాని ఎడమసగము నల్లదాని ఎడమసగముతోను, కుడిసగము కుడిసగముతోను కలిసికొనును. ఇట్లు తెగి వేఱు జతగా కలియుటయే పునస్సంధానము. క్రొత్తగా ఏర్పడిన రెండు దారములును నడుమ కొనదేరి మడిచిన వంపులుగా నుండుటచే, ఉండేలు రబ్బరువలె తటాలున చెఱియొక ప్రక్కకు ముడుచుకొనును. వానితో కూడ పూసలు విసరివేయబడును. సాగిన రేఖలలో దాగియున్న శక్తి యంతయు కణముల వేగముగను, వేడిమిగను మాఱును.

ఈ భావము పుట్టుటకు పునాది యగు పరిశీలనలలో ఒకటి మన తెలుగుగడ్డపైననే జరిగినది. 1868 ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణము పట్టినప్పుడు ఫ్రాన్సు దేశీయుడగు జాన్సెన్ గుంటూరునందును, మదరాసు వేధశాలాధికారి పాగ్సన్ మచిలీపట్టణమందును ఉండి, సూర్యబింబపు అంచున లేచు ఎఱ్ఱని జ్వాలలను వర్ణదర్శినులతో పరీక్షించి, అవి వాయుమయములని తెలిసికొనిరి. ఆ వాయురాశులను అంత యెత్తున నిలిపియుంచునది అయస్కాంతబలమని తరువాత తేలినది. 1908లో అమెరికాయందు హేల్ సూర్యునిమీది మచ్చలలో గొప్ప అయస్కాంతబలమున్నదని కనుగొనెను. 1946లో ఆస్ట్రేలియా దేశీయుడగు జొవనెల్లి, ఎదురు బలములు రద్దగు తావులే సూర్యునిపై తటాలున మెఱయు మంటలకు మూలమై యుండవచ్చునని సూచించెను. 1961లో ఇంగ్లండుదేశపు డంగీ ఈ భావమును భూమికి అన్వయించెను.

డంగీ చెప్పినదిది. సౌరపవనము మోసికొనివచ్చు బలరేఖలు దక్షిణముఖముగ నున్నప్పుడు, ఉత్తరముఖముగ నున్న భూమి రేఖలకు ఎదురగును. సూర్యునివైపు అంచున రెండును తెగి కలిసికొనును. అట్లు తెఱవబడిన భూమి రేఖలను సౌరపవనము వెనుకకు ఈడ్చుకొనిపోయి తోకలో పేర్చును. తోకలో మితిమీఱి పేరుకొన్నప్పుడు అచ్చట మఱల తెగి, మఱల కలిసి, భూమివైపు ముడుచుకొనును. ఆ విసరుతో వచ్చిన కణములు ధ్రువప్రాంతముల వాయుమండలమున పడి ధ్రువజ్యోతులను వెలిగించును. కావున భూమి విషయమున ఈ యంత్రమును త్రిప్పు చేయి బయటిది. సౌరపవనమే దానికి చోదకము.

బృహస్పతి విషయము వేఱు. ఈ గ్రహము అడ్డుకొలత భూమికి పదునొకండు రెట్లు. దాని అయస్కాంతశక్తి భూమిదానికి సుమారు ఇరువదివేల రెట్లు. దాని అయస్కాంతావరణము సూర్యునివైపున 45 లక్షలు మొదలు 65 లక్షల కిలోమీటర్ల వఱకు నుండును. తోకయో, శనిగ్రహపు కక్ష్యవఱకు, అనగా సుమారు 65 కోట్ల కిలోమీటర్ల దూరము సాగియున్నది. అది కంటికి కనబడునదే యైనచో మన రాత్రులలో పూర్ణచంద్రునికంటె పెద్దదిగా తోచును. ఇంత పెద్ద గ్రహము తనచుట్టు తాను తిరుగుటకు పట్టు కాలము 10 గంటలకన్న కొంచెము తక్కువయే.

ఈ కంటికి కనబడని కొల్లేటికి బుడమేరు వంటిది "అయో" యను ఉపగ్రహము. 1979 మార్చిలో వాయెజర్ నౌక పంపిన చిత్రమున దానిపై అగ్నిపర్వతపు ఎగజిమ్ము కానవచ్చినది. భూమి తప్ప మఱియొక లోకమున మండుచున్న అగ్నిపర్వతము కనబడుట అదియే ప్రథమము. ఆ పర్వతములనుండి వెడలు గంధకవాయువులలో సెకనునకు సుమారొక టన్ను ఆకాశమునకు తప్పించుకొని, అందు పెక్కుభాగము ప్లాస్మాగా మాఱి బృహస్పతి బలరేఖలకు పూసలవలె ఎక్కుచున్నది. అయో తన కక్ష్యలో సెకనునకు 17 కిలోమీటర్లు పోవుచుండగా, బృహస్పతితోపాటు తిరుగు ఆ రేఖలు అదే తావున సెకనునకు 74 కిలోమీటర్లు పరుగెత్తుచున్నవి. ఎక్కిన పూసలన్నియు ఆ వేగమునకు లోబడి గిరగిర తిరుగవలసినదే.

వడిసెల త్రిప్పునప్పుడు రాయి బయటికి లాగుట పిల్లలెఱుగుదురు. అట్లే బరువెక్కిన ప్లాస్మా బయటికి లాగుచు బలరేఖలను సాగదీయును. గుండ్రముగ నుండవలసిన రేఖలు చదునై, గ్రహముచుట్టు ఒక పలుచని పళ్ళెమువలె పఱచుకొనును. సూర్యుని వైపున సౌరపవనపు ఒత్తిడి వానిని ఆపును గాని, రాత్రివైపున ఆపువారెవరును లేరు. అచ్చట రేఖలు సాగి సాగి, పై సగమును క్రింది సగమును ఎదురెదురుగ ఒరసికొనునంత దగ్గఱకు వచ్చును.

తరువాత జరుగునది కుళాయి కొన నుండి నీటిబొట్టు రాలుటను పోలియుండును. బొట్టు మెల్లగ ఉబ్బి, బరువెక్కి, దాని మెడ సన్నగిల్లి, తెగి, బొట్టు క్రిందికి పడును. మిగిలిన నీరు పైకి ముడుచుకొనును. అట్లే సాగిన రేఖలకు మెడవంటి తావున పునస్సంధానము జరిగి, వెలుపలిభాగము చుట్టగా మూసికొని, తన ప్లాస్మానంతటిని మూటగట్టుకొని తోకవెంబడి ఆకాశమున కలిసిపోవును. బరువు దిగిన లోపలిభాగము గ్రహమువైపు ముడుచుకొని, మఱల క్రొత్త బరువు నెత్తికొనుటకు సిద్ధమగును. ఈ క్రమమును 1983లో వాసిల్యూనస్ యను శాస్త్రజ్ఞుడు వివరించెను. ఇచ్చట యంత్రమును త్రిప్పు చేయి లోపలిది. గ్రహపు భ్రమణమే చోదకము. భూమికిని మహాగ్రహములకును ముఖ్యభేదమిదియే.

ఇది ఊహయా, చూచినదియా యని విద్యార్థులడుగవచ్చును. 1995 మొదలు 2003 వఱకు బృహస్పతిని చుట్టివచ్చిన గెలీలియో నౌక అయస్కాంతమాపకము వ్రాసిన లెక్కలను పరిశీలించినవారు, 2010లో, 249 పునస్సంధాన ఘటనలను లెక్కించి చూపిరి. 2016లో బృహస్పతిని చేరిన జూనో నౌక, ఆ గ్రహపు ధ్రువజ్యోతులలో తెల్లవాఱువైపున చెలరేగు తుఫానులు నిజమునకు రాత్రివైపున పుట్టి తిరిగివచ్చుచున్నవని కనుగొన్నది. 2021లో వెలువడిన ఈ వృత్తాంతమువలన, తోకలో తెగిన రేఖల విసరే ఆ తుఫానులకు మూలమను భావము బలపడినది.

ఇంతవఱకు చక్కగనే యున్నది. కాని లెక్కలు కట్టిచూచినచో ఒక చిక్కు వచ్చుచున్నది. గెలీలియో చూచిన మూటల పరిమాణమును, అవి వచ్చిన తడవలను హెచ్చించి చూడగా, అవి మోసికొనిపోవు పదార్థము ఎంత ఉదారముగ లెక్కించినను సెకనునకు నూటయిరువది కిలోల ప్రాంతమును మించుట లేదు. వచ్చునది సుమారు వేయి కిలోలు; మూటలుగ పోవునది అందులో ఎనిమిదవ వంతునకు లోపలనే. జమాఖర్చులు సరిపడలేదు! తక్కినది ఏ దారిని పోవుచున్నది?

ఇచ్చట మన కొల్లేరే మనకు సాయపడును. కొల్లేటి నీరు ఉప్పుటేటివెంబడి మాత్రమే తగ్గుట లేదు. ఎండకు ఆవిరియై కొంత, నేలలో ఇంకి కొంత, ఎవరి కంటను పడకుండ పోవుచునే యుండును. అట్లే బృహస్పతి చుట్టు పెద్ద మూటలు గాక, లెక్కలేనన్ని చిన్న చిన్న పునస్సంధానములు జల్లువలె నిరంతరము జరుగుచు, పదార్థమును కొద్దికొద్దిగా జాఱవిడుచుచుండవచ్చునని పలువురు శాస్త్రజ్ఞులు తలంచుచున్నారు. అట్టి చిన్నఘటన ఒక్కొక్కటి నౌక ప్రక్కనుండి క్షణములో దాటిపోవుటచే దానిని పట్టుట కష్టము. ఈ లెక్క ఇంకను తేలవలసియే యున్నది.

శనిగ్రహపు కథయు ఇట్టిదే. అచ్చట పదార్థము నొసగునది అగ్నిపర్వతము గాదు, మంచుగడ్డ. ఎన్సెలడస్ అను చిన్న ఉపగ్రహపు దక్షిణధ్రువమందలి పగుళ్ళనుండి నీటియావిరి చిమ్ముచున్నట్లు 2005లో కసీని నౌక కనుగొనెను. ఆ నీటి ప్లాస్మాయే శని రేఖలను బరువెక్కించుచున్నది. ఒక పర్యాయము కసీని నౌక తోకలో పునస్సంధానము జరుగుచున్న తావునుండియే ప్రయాణించెను. ఆ తెగుట కలియుట 19 గంటలపాటు సాగినట్లు ఆ లెక్కలనుబట్టి తెలిసినది. తోకలోనే గాక, సూర్యునివైపున పళ్ళెము నడుమను గూడ ఇది జరుగుచున్నదని 2018లో ప్రకటించిరి. ఇది పైని చెప్పిన జల్లు భావమునకు అనుకూలముగ నున్నది.

యురేనస్ గ్రహము మఱింత వింతయైనది. అది తన కక్ష్యలో ప్రక్కకు ఒరిగి దొర్లుచుండును. దాని అయస్కాంతపు ఇరుసు భ్రమణపు ఇరుసునకు 59 డిగ్రీలు వంగియున్నది. 1986 జనవరి 24వ తేదీన రెండవ వాయెజర్ నౌక దాని ప్రక్కనుండి పోయెను. ఆ గ్రహమును దగ్గఱనుండి చూచిన నౌక అదియొక్కటియే. ఆ 45 గంటల ప్రయాణపు అయస్కాంతలెక్కలు ముప్పదిమూడు సంవత్సరములు భద్రముగ నుండెను. 2019లో ఇద్దఱు శాస్త్రజ్ఞులు వానిని మఱల తీసి, క్షణక్షణమునకు గీత గీచి చూడగా, కేవలము 60 సెకనులపాటు రేఖ ఒక చిన్న మెలిక తిరిగినట్లు కనబడెను. అది యురేనస్ తోకనుండి తెగిపోవుచున్న ప్లాస్మామూటయే! దాని పొడవు కనీసము రెండు లక్షల కిలోమీటర్లని అంచనా వేసిరి. లెక్కపుస్తకమును పాతదని పాఱవేయరాదనుటకు ఇంతకంటె మంచి దృష్టాంతము మాకు తోచుట లేదు.

దూరపు గ్రహముల ముచ్చట మనకేల యని కొందఱు తల్లిదండ్రులు తలంపవచ్చును. అచ్చట జరుగు పునస్సంధానమే మన నెత్తిమీదను జరుగుచున్నది. 1989 మార్చి 13వ తేదీన అయస్కాంతపు తుఫాను వలన కెనడాలోని క్యూబెక్ రాష్ట్రమున విద్యుత్తు నిలిచిపోయి, అఱువది లక్షలమంది తొమ్మిది గంటలు చీకటిలో నుండిరి. సముద్రముమీద మన బెస్తవారికి దారిచూపు ఉపగ్రహసంకేతములును ఇట్టి తుఫానులలో తప్పుదారి పట్టవచ్చును.

కావుననే మన రాష్ట్రపు శ్రీహరికోటనుండి 2023 సెప్టెంబరు 2వ తేదీన ఆదిత్య-ఎల్1 అను నౌకను ప్రయోగించిరి. అది భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరమున సూర్యునివైపు నిలిచి, ఆఱు మీటర్ల చేయి చాచి, వచ్చుచున్న సౌరపవనపు అయస్కాంతబలమును కొలుచుచున్నది. 2024 మే 10వ తేదీన గొప్ప అయస్కాంతపు తుఫాను వచ్చి, లదాఖునందలి హాన్లేలో ఆకాశము ఎఱ్ఱబాఱెను. ఆ తుఫానును ఆదిత్యయు, మఱియు ఆఱు అమెరికా నౌకలును కొలిచిన లెక్కలను మన శాస్త్రజ్ఞులు జోడించి చూడగా, సూర్యుడు విసరిన రెండు ప్లాస్మారాశులు దారిలో ఢీకొని, ఒకదాని లోపలి బలరేఖలు తెగి కలిసికొనినట్లు తేలినది. ఆ తెగి కలిసిన ప్రదేశపు వెడల్పు సుమారు 13 లక్షల కిలోమీటర్లు. అనగా భూమి వ్యాసమునకు ఇంచుమించు నూఱు రెట్లు. హైదరాబాదునందలి జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారు చౌటుప్పలునందు నడుపు అయస్కాంత వేధశాలయు, ఇట్టి తుఫానులలో భూమి బలరేఖల చలనమును వ్రాసిపెట్టుచున్నది.

ఒక హెచ్చరిక చేయవలసియున్నది. కొల్లేరు, దారము, పూసలు, నీటిబొట్టు: ఇవన్నియు పోలికలే. నీరు పల్లమునకు పోవును. ప్లాస్మా తిరుగుడుచే బయటికి పోవును. దారము తెగుటకు కత్తి కావలెను. బలరేఖ తెగుటకు ఎదురుబలమే చాలును. కావున పోలిక విషయమునందు ప్రవేశించుటకు మెట్టుగ నుండవలెనే గాని, విషయమే తానని భ్రమింపరాదు. పై తరగతులకు పోవువారు గణితముతో దీనిని తిరిగి నేర్తురుగాక.

బృహస్పతి జమాఖర్చులలో సెకనునకు ఎన్నియో వందల కిలోలు ఇంకను లెక్కకు రాలేదని పైని చెప్పితిమి. గెలీలియో, జూనో, కసీని, వాయెజర్ నౌకల లెక్కలు నేడు ఎల్లవారికిని ఉచితముగ దొరకుచున్నవి. వానిని చదువుటకు గొప్ప దూరదర్శిని అక్కఱలేదు. గణితమును, ఓపికయు, గీతలోని చిన్నమెలికను నిర్లక్ష్యము చేయని కన్నును ఉన్న చాలును. తమ్మిలేటి గట్టున పెరిగిన బాలబాలికలు లోనికి వచ్చు నీటిని, బయటికి పోవు నీటిని చిన్ననాటనుండియు చూచినవారు. ఆ చూపుతోనే వారు ఈ లెక్కను గూడ చూతురని కోరుచున్నాము.